క్లచ్చు పట్టకున్న గేరు విఱుగునా?

హైదరాబాదు అరాంఘరు కూడలి దాటి బెంగుళూరు రహదారిమీద దక్షిణముగా సాగిపోవువానికి, గగన్‌పహాడు మొదలు శంషాబాదు, పాల్మాకుల మీదుగా కొత్తూరు వఱకు ఇరుప్రక్కల కనవచ్చు మోటారుసైకిలు మరమ్మతు షెడ్లలో ఒకదానికొకటి పొసగని అభిప్రాయములు వేయి వినవచ్చును గాని, ఒక్క విషయమున మాత్రము షెడ్లన్నియు ఏకకంఠముతో పలుకును: క్లచ్చు పట్టకుండ గేరు మార్చినవాని గేరుబాక్సు పోవును. ఏ ఆయిలు మంచిదన్నచో ఇద్దరు మెకానికులకు పొత్తు కుదరదు. టైరులో గాలి యెంత యుండవలెనన్నచో ముగ్గురు మూడు లెక్కలు చెప్పుదురు. ఈ యొక్క సూత్రము మాత్రము వేదవాక్యము. బండి కొనియిచ్చిన తండ్రియు, తొలినాడు వెనుక కూర్చుండి నేర్పిన మేనమామయు, శంషాబాదు విమానాశ్రయమున రాత్రి డ్యూటీ ముగించుకొని తోడివాని బండిమీద ఇల్లు చేరు పనివాడును దీనినే వల్లింతురు. చేయి కదలకుండ మూడవ గేరునుండి నాలుగవదానికి పోయినవానిని "ఏందన్నా, బండిని సంపుతున్నవా?" అని అడుగని స్నేహితుడు ఆ ప్రాంతమున అరుదు.

ఈ వ్యాసము ఆ హంతకుని పక్షమున వ్రాయబడుచున్నది. నా ప్రతిపాదన యిది: ఆగియున్న బండి కదలుటకును, కదలుచున్న బండి ఆగుటకును క్లచ్చు ఆవశ్యకము, సాగుచున్న బండికి పై గేరు వేయుటకు అది సౌకర్యమే కాని ఆవశ్యకము కాదు. గేరుపెట్టెను చెఱచునది క్లచ్చు పట్టకపోవుట కాదు, బరువు తీయకుండ బలవంతము చేయుట. ఆ బలవంతమును క్లచ్చు పట్టియు చేయవచ్చును, పట్టకయు మానవచ్చును.

"పళ్ళు పళ్ళు రాచుకొని విఱుగును" అని చెప్పువారి మనస్సులో గేరుపెట్టెను గూర్చిన చిత్రమొకటి కలదు. ఒక జంట పళ్ళచక్రములు విడిపోయి, వేఱొక జంట తిరుగుచు తిరుగుచు వచ్చి ఢీకొని కలిసికొనుటయే గేరు మారుటయని వారి తలంపు. ఆ చిత్రమే తప్పు. మోటారుసైకిలు గేరుపెట్టెలో ఇంజనునుండి బలము గ్రహించు ఇరుసొకటి, చక్రమునకు బలము పంపు ఇరుసొకటి సమాంతరముగా నుండును. వానిమీది పళ్ళచక్రములు, బండి నాలుగు గేర్లదైన నాలుగు జంటలుగను ఐదు గేర్లదైన ఐదు జంటలుగను, షోరూములో నున్ననాటినుండి పాతయినుముగా పోవునాటి వఱకు ఒకదానితో నొకటి పెనగొనియే యుండును. అవి యెన్నడును విడిపోవు, కనుక మరల కలియవలసిన పనియు లేదు. ప్రతి జంటలోను ఒక చక్రము ఇరుసుతో పాటు తిరుగును; రెండవది ఇరుసుమీద వట్టిగా తిరుగుచుండును. ఆ వట్టిచక్రము ప్రక్కనే, ఇరుసు గాళ్ళవెంబడి అటునిటు జరుగగల చక్రము వేఱొకటి యుండి, దాని ప్రక్కతలమున పొడుచుకొనివచ్చిన మొద్దుపళ్ళు వట్టిచక్రపు గుంటలలో దూరినప్పుడు, అంతవఱకు వట్టిగా తిరిగినది ఇరుసునకు లోబడును. గేరు పడుట యనగా నింతే. కాలితో మీట నదిమినప్పుడు లోపలి డ్రమ్ము కొంచెము తిరుగును. దాని గాళ్ళలో నడచు ఫోర్కు ఆ జరుగుడు చక్రమును ఒక ప్రక్కనుండి ఇంకొక ప్రక్కకు నెట్టును.

ఇట్లున్నప్పుడు, నాలుగైదు మొద్దుపళ్ళను గుంటలనుండి వెలికిరానీయక పట్టియుంచునదేది? ఇంజను చక్రమును లాగుచున్న బరువే. పలు బండ్లలో ఆ పళ్ళ అంచులను కొంచెము లోవాలుగా కోసియుంతురు, లాగుడు హెచ్చినకొలది అవి మఱింత లోనికి దిగబడుటకు. కావున యాక్సిలరేటరు తెఱచియుండగా క్లచ్చు పట్టక మీట తన్నువాడు నిజముగా దుర్మార్గమే చేయుచున్నాడు. వానిని నేను సమర్థింపను. యాక్సిలరేటరు పూర్తిగా మూసియున్నప్పుడును పళ్ళు స్వేచ్ఛగా నుండవు, ఏలయన అప్పుడు చక్రమే ఇంజనును త్రిప్పుచు పళ్ళను ఎదుటి ప్రక్కకు అదుముచుండును. ఈ రెంటి నడుమ, లాగుడు నశించి త్రోపుడు పుట్టకముందు, పళ్ళమీద ఏ బరువును లేని క్షణమొకటి కలదు. క్లచ్చు చేయునదెల్ల ఇంజనును విడదీసి ఆ క్షణమును పొడిగించుటయే. యాక్సిలరేటరును ఒక్కపాటు తగ్గించినను ఆ క్షణమే పుట్టును. నెత్తిమీద మూట యుండగా క్రింది చుట్టకుదురు సవరింపవలెనన్న, మూటను వెండ్రుకవాసి లేపవలెను. లేపినది తన చేయియైననేమి, తోడివాని చేయియైననేమి?

పై గేరు విషయమున ప్రకృతియే మనకు తోడ్పడుచున్నది. మూడవ గేరులో నిమిషమునకు 5000 చుట్లు తిరుగు ఇంజను, అదే వేగమున నాలుగవ గేరులో 4000 చుట్లు తిరుగవలసియున్నదనుకొందము. యాక్సిలరేటరు తగ్గించినంతనే ఇంజను చుట్లు తమంత తామే 5000 నుండి దిగనారంభించును. మనకు కావలసిన దిక్కునకే అవి పోవుచున్నవి. కాలివ్రేలిని మీటపై ముందే తేలికగా నానించి, మణికట్టును ఒక్క రెప్పపాటు వెనుకకు విడిచినచో, ఒత్తిడిలో నున్న మీట తానే సాగిపోయి గేరు మెత్తగా పడును. వెంటనే మరల రేజు ఇయ్యవచ్చును. స్ప్లెండరు వంటి బండ్లలో మీటను ముందరికి నొక్కవలెను, పల్సరు వంటివానిలో రెండవ గేరు మొదలు పైకెత్తవలెను; సూత్రమొకటే. చప్పుడు వినబడెనా, ఘడియ తప్పినదని అర్థము. వినబడకున్న లోపల ఏమియు నొవ్వలేదని అర్థము. చెవికి మించిన పరీక్షకుడు వేఱొకడు లేడు.

ఈ అపోహ యెక్కడనుండి వచ్చినదని విచారించినచో, కారునుండి వచ్చినదని నా అనుమానము. కారు గేరుపెట్టెలో వేగములను సమముచేయు కంచురింగులుండును. క్లచ్చు లేక గేరు త్రోసినచో ఆ రింగులపై ఇంజను బరువు పడి అవి అరుగును. మోటారుసైకిలులో ఆ రింగులే లేవు. లేని యవయవమునకు రోగము వచ్చునని భయపెట్టుట ఏ వైద్యము?

క్లచ్చు మీట పిండక గేరు మార్చుట నేటి కుఱ్ఱల తుంటరితనమనువారికి వారి తండ్రుల బండ్లనే చూపవచ్చును. మైసూరు ఐడియల్ జావా కర్మాగారము 1961 నుండి జావాలను, తరువాత యెజ్డీలను చేసి, 1996లో మూతపడినది. కిక్కు కొట్టు మీటయే గేరు మీటగా పనిచేయు ఆ బండ్లలో, కాలితో గేరు నొక్కినంతనే లోపలి యమరిక యొకటి క్లచ్చును తానే విడిపించెడిది. తెలిసినవారు బండి కదలుటకు మాత్రమే చేతిమీటను పట్టి, తరువాత దానిని మఱచిపోయెడివారు. హోండావారు 1958లో వెలువరించిన సూపర్ కబ్బునకు చేతి క్లచ్చే లేదు. ఒక చేత భోజనపు పళ్ళెములు మోసుకొనిపోవు కుఱ్ఱవాడు సైతము నడపగలుగవలెనని దాని నిర్మాతల యుద్దేశము. ఆ బండి 2017 నాటికి పదికోట్లు తయారైనది. మన దేశమున హీరో హోండా స్ట్రీటును, 2009లో టీవీఎస్ జైవును ఆ బాటనే నడచి, కొనువారు లేక నిలిచిపోయినవి. కొననివారి యభిరుచిని గూర్చి యిచ్చట చర్చింపను.

ప్రతిపక్షి యిచ్చట న్యాయమైన ఆక్షేపణ చేయవచ్చును: ఆ బండ్లలో చేయి పనిచేయలేదు గాని లోపల క్లచ్చు పనిచేసినదే కదా! ఒప్పుకొందును. అట్లైన క్లచ్చు నిజముగానే కదలని ఉదాహరణ చూపెదను. నేడు ఖరీదైన బండ్లమీద కంపెనీవారు గొప్పగా చాటుకొను క్విక్‌షిఫ్టరు ఏమి చేయుచున్నది? గేరు మీటకు అమర్చిన సెన్సారు కాలి యొత్తిడిని పసిగట్టినంతనే, కంప్యూటరు సెకనులో పదోవంతు కన్న తక్కువకాలము ఇంజను మంటను ఆపును; పళ్ళమీది బరువు తొలగును; గేరు పడును. క్లచ్చు పలకలు ఇసుమంతయు విడిపోవు. 2023లో వచ్చిన టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 310కి ఈ సాధనము ఎక్కుటకును దిగుటకును గూడ లభించును. దానిలోని గేరుపెట్టెయు ఎల్లప్పుడు పెనగొనియుండు చక్రములు, మొద్దుపళ్ళు, ఫోర్కులు గలదే. ధనవంతుని బండిలో శాస్త్రమైనది పేదవాని స్ప్లెండరులో పాపమెట్లయ్యెను? యంత్రమునకు ఘడియ తప్పదు, మనిషికి తప్పును అందురేని, అది నేర్పునకు సంబంధించిన మాట గాని గేరుపెట్టె కోర్చుకొను శక్తికి సంబంధించినది కాదు.

ఇక క్లచ్చు భక్తుల భక్తి యెట్టిదో చూతము. మెహిదీపట్నమునుండి అరాంఘరు వఱకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెఱువబడినది. దానిపై మోటారుసైకిళ్ళకు ప్రవేశము లేదు. శంషాబాదు మీదుగా పోవు బాహ్యవలయ రహదారిమీదను లేదు. విమానములో పోవువాడు కారెక్కి పైనుండి పోవును. ఆ విమానమునకు సామానెక్కించువాడు, తుడుచువాడు, కాపలా కాయువాడు స్తంభములక్రింద అత్తాపూరు, ఉప్పర్‌పల్లి మీదుగా ఈడ్చుకొనిపోవలెను. (ఆ స్తంభముల సంఖ్యలే నేడు ఆ ప్రాంతమున చిరునామాలైనవి, ఆ క్రింద వాహనములు ఎంతసేపు నిలిచియుండునో చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యమక్కఱలేదు.) ఆ రద్దీలో మన క్లచ్చు భక్తుడేమి చేయును? న్యూట్రలులోనికి రాడు, మొదటి గేరు వేసి, మీటను సగము విడిచి, రేజు ఇచ్చుచు, జానెడు ముందునకు జరిగి మరల పట్టి, మరల సగము విడుచుచు నుండును. హాఫ్ క్లచ్చు! ఆ సగములో నున్నంతసేపును పలకలు ఒకదానిమీద నొకటి జారుచు, వేడెక్కుచు, అరుగుచు నుండును. ఆ పలకలు మునిగియున్నది ఇంజను ఆయిలులోనే, గేర్లను తడుపునదియు ఆ ఆయిలే. పలకలనుండి రాలిన పొడి గేర్లమధ్యకే చేరును. ఇట్లు గేరుబాక్సునకు క్లచ్చు మూలముననే కీడు కలుగుచుండగా, దానిని గూర్చి యెవ్వడును "బండిని సంపుతున్నవా" అని అడుగడు. రోడ్డు బాగైన తరువాతను కొందఱు రెండువ్రేళ్ళు మీటమీద నుంచియే ముప్పది నలువది కిలోమీటర్లు పోవుదురు. మీటకు ఉండవలసిన కొంచెపు ఖాళీ యక్కడనే హరించుకొనిపోవును. ఇంజను అఱచుచున్నను బండి లాగకుండుట, మైలేజి పడిపోవుట, కాలిన వాసన వచ్చుట, ఈ మూటితో షెడ్డునకు వచ్చు బండ్లు ఏ షెడ్డులో చూచినను కొదువ లేవు.

ఈ విద్యకు గల ప్రయోజనము ఎడమచేతికి విశ్రాంతి మాత్రమే కాదు. క్లచ్చు వైరు తెగుట సామాన్యముగా మీటయొద్దనే, అదియు చెప్పక చేయక. పాల్మాకుల దాటిన పిమ్మట అర్ధరాత్రి వైరు తెగినవాడు, సూత్రమును నమ్మినవాడైనచో, బండిని శంషాబాదు వఱకు త్రోసికొనుచు పోవును, లారీలు చెవిప్రక్కనుండి పోవుచుండగా. ఎఱిగినవాడు న్యూట్రలులో స్టార్టు చేసి, నాలుగడుగులు పరుగున నెట్టి యెక్కి, ఒక్క కుదుపుతో మొదటి గేరు వేసి, పిదప గేర్లను యాక్సిలరేటరుతోనే మార్చుకొనుచు, ఆగవలసినచోటికి ముందే న్యూట్రలు వెదకికొని బ్రేకు వేయును. ఆ మొదటి కుదుపు గేరుపెట్టెకు ప్రీతికరము కాదు, ఆపద్ధర్మము.

హద్దులు చెప్పని వాదము నమ్మదగినది కాదు గనుక నావి చెప్పుచున్నాను. గేరు తగ్గించునప్పుడు ఇంజను చుట్లు పెరుగవలెను. యాక్సిలరేటరు మూసి మీట తన్నిన అవి పెరుగవు. ఆ సమయమున ఒక్క చిన్న రేజు సరిగా ఇయ్యగలవాడు తప్ప తక్కినవారు క్లచ్చు పట్టుటయే మేలు. అపాచీలోని కంప్యూటరు సైతము దిగునప్పుడు తానే రేజు ఇచ్చుచున్నది. నూతనముగా నేర్చుకొనువానికి ఈ పద్ధతి వలదు. రద్దీలో వలదు. మొదటినుండి రెండవ గేరునకు పోవునప్పుడు వలదు, ఏలయన ఆ రెంటి వేగముల అంతరము అన్నింటికన్న పెద్దది, పల్సరు వంటివానిలో నడుమ న్యూట్రలు కూడ పొంచియుండును. కంపెనీ పుస్తకము ఎల్లప్పుడును క్లచ్చు పట్టుమనుచున్నదే యందురు. పట్టుమనుచున్నది, నిజమే, బండిని తొలిసారి తాకినవానికిని ఇరువదియేండ్లు నడపినవానికిని ఒక్కటే పుస్తకము వ్రాయవలసినవాడు అంతకన్న వేఱుగా వ్రాయలేడు. 

కడకు షెడ్డువారికే ఒక ప్రశ్న. మొద్దుపళ్ళ అంచులు గుండ్రబడి, రేజు ఇచ్చినప్పుడు గేరు తనంత జారిపోవు బండ్లలో ఎక్కువగా పోవునది రెండవ గేరని మీకు తెలియును. ఆ బండ్ల యజమానులు క్లచ్చు పట్టనివారా? కాదు, నిండుగా పట్టి, మీటను సగము మనస్సుతో కదిపి, గేరు పూర్తిగా పడకమునుపే క్లచ్చు విడిచినవారు. క్లచ్చు పట్టక మార్చి నాలుగవ గేరును పోగొట్టుకొని మీయొద్దకు వచ్చిన హంతకుని ఒక్కనిని చూపుడు.