తెరమీదికి రాని సంతకం

ఆటలో ఎన్నడూ కనిపించని మాటలకు ఆటలో చోటెందుకు? 1981లో వెలువడిన డాంకీ కాంగ్ ఆర్కేడ్ ఆట చిప్పుల్లో అటువంటి మాటలు కొన్ని ఉన్నాయి. పీపాలు దాటి, నిచ్చెనలెక్కి ఎంత నేర్పుగా ఆడినా అవి తెరమీదికి రావు. ప్రోగ్రాంను విప్పి చదివినవారికే దొరుకుతాయి. వాటి సారాంశమిది: అభినందనలు; ఈ ప్రోగ్రాంను విశ్లేషించడం కష్టమనిపిస్తే మేము నేర్పుతాము. ఆ వెంటనే ఒక ఫోను నంబరు, ఇకెగామి అనే సంస్థ పేరు.

డాంకీ కాంగ్ అనగానే లోకానికి స్ఫురించేవి నింటెండో పేరు, రూపకర్త షిగెరు మియమోతో పేరు. అది న్యాయమే. కానీ ఆ కల్పనను యంత్రానికి అర్థమయ్యే భాషలోకి దించినవారు ఇకెగామి త్సుషిన్కి సంస్థవారు. ఆట తెరమీద వారి ఊసే లేదు. 1982లో డాంకీ కాంగ్ జూనియర్ వచ్చింది. తమ ప్రోగ్రాంను అనుమతి లేకుండా వాడుకున్నారంటూ 1983లో ఇకెగామి న్యాయస్థానానికెక్కింది. ఆ వివాదం 1990లో రాజీతో ముగిసింది. ప్రోగ్రాం కూడా రచనేనని జపాను కాపీహక్కు చట్టంలో స్పష్టంగా చేరినది 1985 సవరణతోనే. అంటే, ఆ పంక్తులు రాసేనాటికి ఆ శ్రమకు చట్టంలో పేరైనా లేదు.

మన కావ్యాలలో ఆశ్వాసం చివరి గద్యలో కవి తన పేరూ, తండ్రి పేరూ చెప్పుకుంటాడు. కథకు ఆ గద్యతో పనిలేదు. అయినా దానిని కత్తిరించి అచ్చువేసే పరిష్కర్తను మనం క్షమించము. కర్త ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు మనము మొదట వెతికేది దానినే కదా!

పాత ఆటను ఆడి చూపగలిగితే చాలు, అదే భద్రపరచడమన్న వాదనను అందుకే నేను అంగీకరించలేను. తెరమీది ఆటను అచ్చంగా అనుకరిస్తూ కొత్తగా ప్రోగ్రాం రాస్తే, ఆడేవారికి తేడా తెలియకపోవచ్చు. ఈ సంతకం మాత్రం మాయమవుతుంది. కనుక చిప్పులోని ప్రతి అక్షరానికీ, ఇది పనికివచ్చేది, ఇది రానిది అన్న ఎంపిక లేకుండా, నకలు తీసి ఉంచాలి. ఏది వ్యర్థమో తేల్చే అధికారం ఈ తరానికి లేదు.

దాచిన మాటలను చదవడం పరుల ఉత్తరాలు విప్పడం వంటిదని ఆక్షేపించేవారున్నారు. కొన్నిటి విషయంలో ఆ మాట నిజమే కావచ్చు. ఈ ఉత్తరం మాత్రం విప్పేవారి పేరనే రాసి ఉంది. చదివినవారిని అభినందించి, రమ్మని పిలిచింది. పిలుపు విని కూడా పలకకపోవడమే అమర్యాద.

మీరేమంటారు?