వేదిక మీద ఒక్క గంట, ఇంటిలో ఇరవై మూడు గంటలు



ఈ నెల ఒక గాయకుని గురించి మాట్లాడుకుందాము. ఆయన మన దేశపువాడు కాదు, మన భాషవాడు కాదు. అయినా పట్నంలో చదువుకుంటూ సెలవులకు ఇంటికి వచ్చే పిల్లల ఫోనులలో ఆయన పాటలు వినిపిస్తున్నాయి. ఆయన పేరు ఎల్విస్ ప్రెస్లీ. రాక్ అండ్ రోల్ పాటలకు రాజు అని లోకము ఆయనను పిలిచింది. “అయ్యగారూ, మా పిల్లలు ఈ పాటలు వినవచ్చునా?” అని తల్లిదండ్రులు అడుగుతూ ఉంటారు. అవునని గాని కాదని గాని ఒక్క మాటతో తేల్చివేయవచ్చు. అంతకంటె ఆ మనిషి ఎలా బ్రతికాడో పిల్లలతో కూర్చుని మాట్లాడటమే మేలని మేము తలుస్తున్నాము. ఆయన పాడిన సభలు అనేకము రికార్డులుగా నిలిచి ఉన్నాయి. ఆయన దినచర్యను ఇంటిలో ఉన్నవారు చెప్పారు. ఈ రెండింటినీ ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తే ప్రతి ఇంటికీ పనికివచ్చే సంగతి ఒకటి కనబడుతుంది.

మందిరములో మొదలైన పాట

ఎల్విస్ 1935 జనవరి 8న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, టుపెలో అనే చిన్న ఊరిలో, రెండు గదుల చెక్క ఇంటిలో పుట్టారు. ఆయనతో కవలగా పుట్టిన సోదరుడు పుట్టుకలోనే చనిపోయాడు. తండ్రి వెర్నన్‌కు నిలకడగా పని దొరికేది కాదు. ఒక చెక్కును దిద్దిన నేరానికి ఆయన 1938లో జైలుకు కూడా వెళ్లారు. తల్లి గ్లాడిస్ తన ఒక్క బిడ్డను కంటికి రెప్పలా కాచుకొన్నది. ఆ కుటుంబము అసెంబ్లీ ఆఫ్ గాడ్ సంఘమునకు వెళ్లేది. పిల్లవాడికి పాట మొదట అక్కడే చెవిని పడింది.

1948లో వారు బ్రతుకుతెరువు కోసం మెంఫిస్ నగరానికి చేరారు. అక్కడ సువార్త గీతాల సభలు తెల్లవార్లూ జరిగేవి. నలుగురేసి కూడి పాడే బృందాలను వినటానికి ఎల్విస్ వెళ్లేవాడు. నల్లజాతి విశ్వాసుల మందిరాలలో పాడే పాటలంటే కూడా ఆయనకు ప్రాణము. చదువు ముగిసిన తరువాత లారీ తోలుతూ, 1954 జూలైలో సన్ అనే చిన్న స్టూడియోలో పాడిన పాటతో పేరు తెచ్చుకొన్నాడు. మూడేళ్లు తిరగకముందే దేశమంతటా ఆ పేరే. 1957లో గ్రేస్‌లాండ్ అనే పెద్ద భవనము కొని తల్లిదండ్రులను అందులో ఉంచాడు. ఆ సంవత్సరమే జనవరి 6న, దేశమంతా చూసే టెలివిజన్ కార్యక్రమంలో, పట్టుబట్టి ఒక సువార్త గీతము పాడాడు.

మరుసటి ఏడు సైన్యంలో చేరాడు. ఆ ఆగస్టు 14న తల్లి మరణించింది. బిడ్డను మందలించగలిగిన మనిషి ఆ ఇంటిలో ఆమె ఒక్కతే అని ఆయనను ఎరిగినవారు చెబుతారు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనండి.

తలక్రిందులైన దినచర్య

గ్రేస్‌లాండ్‌లో రోజు మన రోజులా నడిచేది కాదు. ఇంటి యజమాని లేచేది సాయంకాలము. ఊరందరూ దీపాలు పెట్టుకొనే వేళకు ఆయనకు ఉదయపు ఫలహారము. బయటికి వెళితే జనము మీద పడతారు గనుక, అర్ధరాత్రి దాటాక సినిమా హాలు మొత్తము అద్దెకు తీసుకొని స్నేహితులతో చూసేవారు. జాతరలో ఉండే రంగులరాట్నముల వంటివి ఉన్న ఉద్యానవనాన్ని కూడా అలాగే రాత్రిపూట తీసుకొనేవారు. తెల్లవారుజామున పడక. ఎండ లోపలికి రాకుండా కిటికీలకు వెండిరంగు రేకు కాగితము అంటించేవారు. తిండి కూడా వేళ కాని వేళ. వేరుశనగ ముద్ద, అరటిపండు పెట్టి వేయించిన రొట్టె ఆయనకు ఇష్టమని అందరికీ తెలుసు.

రాత్రి మేల్కొనటానికి ఒక మాత్ర, పగలు నిద్రపోవటానికి మరొక మాత్ర. సైన్యంలో ఉండగానే మెలకువ మాత్రలు అలవాటయ్యాయని ఆయన దగ్గరివారు వ్రాశారు. ఇక్కడ ఒక విచిత్రము ఉన్నది. 1970 డిసెంబరు 21న ఎల్విస్ అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ను స్వయంగా కలిసి, మత్తు పదార్థాలను అరికట్టే శాఖ వారి బ్యాడ్జి అడిగి తీసుకొన్నారు. వీధిలో అమ్మేది మత్తు, డాక్టరు చీటీతో వచ్చేది మందు అని ఆయన లెక్క. ఆ లెక్కే ఆయనను ముంచింది.

రికార్డులు చెప్పే సాక్ష్యము

ఇప్పుడు సభలలో తీసిన రికార్డుల సంగతి. స్టూడియోలో పాట తప్పితే మళ్లీ పాడవచ్చు, తప్పును దిద్దవచ్చు. సభలో ఆ వీలు లేదు. గాయకుడు ఆ సాయంకాలము ఎలా ఉన్నాడో అలాగే యంత్రము పట్టుకొంటుంది.

సినిమాలలో నటిస్తూ ఎనిమిదేళ్లు సభలకు దూరమైన ఎల్విస్, 1969 జూలై 31న లాస్ వేగాస్‌లోని ఇంటర్నేషనల్ హోటలులో మళ్లీ జనము ఎదుట నిలబడ్డారు. నాలుగు వారాలలో 57 ప్రదర్శనలు, రాత్రికి రెండేసి. ఆ ఆగస్టులో తీసిన రికార్డులు వింటే గొంతులో కుర్రవాని ఉత్సాహము తెలుస్తుంది. ఒక రాత్రి దిగులు పాట పాడుతూ, నడుమ మాటలు మార్చి, తానే నవ్వు ఆపుకోలేకపోయారు. వెనుక పాడే సోదరి మాత్రము తన రాగము విడువక పాడుతూనే ఉన్నది. ఆ నవ్వు కూడా అలాగే నిలిచిపోయింది.

1972 జూన్‌లో న్యూయార్క్ నగరపు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నాలుగు సభలు జరిగాయి. టిక్కెట్లు ఒక్కటీ మిగలలేదు. జూన్ 10 రాత్రి సభను రికార్డు చేసి, ఎనిమిది రోజులకే దుకాణాలకు పంపారు. 1973 జనవరి 14న హవాయి దీవులలోని హొనొలూలు నుండి ఉపగ్రహము ద్వారా అనేక దేశాలకు ఒక సభను ప్రసారము చేశారు. ఆ సభకు టిక్కెట్టు ధర పెట్టలేదు. ఎవరికి తోచినది వారు ఇచ్చారు. 25,000 డాలర్లు వస్తే చాలనుకొంటే 75,000 వచ్చాయి. ఆ సొమ్మంతా క్యాన్సరు వ్యాధితో పోరాడేవారి కోసం, క్యాన్సరుతోనే చనిపోయిన కూయీ లీ అనే హవాయి పాటల రచయిత పేరున పెట్టిన నిధికి చేరింది. కానుకపెట్టె ఎరిగిన మన సంఘములకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

1974 మార్చి 20న సొంత ఊరు మెంఫిస్‌లో జరిగిన సభను కూడా రికార్డు చేశారు. అందులో ఆయన పాడిన “హౌ గ్రేట్ దౌ ఆర్ట్” అనే కీర్తనకు గ్రామీ బహుమానము వచ్చింది. ఈ కీర్తన స్వీడన్ దేశములో 1885లో కార్ల్ బోబెర్గ్ వ్రాసిన పద్యము నుండి పుట్టినది. స్టూవర్ట్ హైన్ అనే మిషనరీ దానిని ఇంగ్లీషులోనికి తెచ్చారు. లోకమంతా రాక్ అండ్ రోల్ రాజు అని పిలిచిన మనిషికి పోటీలో దక్కిన గ్రామీ బహుమానాలు మూడు. ఆ మూడూ సువార్త గీతాలకే దక్కాయి.

రికార్డు కాని పాటలు కూడా ఉన్నాయి. సభ ముగిసి జనము ఇండ్లకు వెళ్లిన తరువాత, ఎల్విస్ పియానో దగ్గర కూర్చుని, తనతో పాడే స్టాంప్స్ అనే నలుగురి బృందముతో గంటల తరబడి సువార్త గీతాలు పాడుకొనేవారు. 1972లో తీసిన ఒక చిత్రంలో అలాంటి కొన్ని నిమిషాలు ఉన్నాయి. అక్కడ మెరుపుల కోటు లేదు, కేకలు లేవు. చిన్నప్పుడు మందిరములో విన్న పాట మీద ఆకలి మాత్రమే ఉన్నది.

ఇంటికే వచ్చిన స్టూడియో

1973లో భార్య ప్రిసిల్లాతో విడాకులు అయ్యాయి. ఆ ఒక్క సంవత్సరములోనే 160కి పైగా ప్రదర్శనలు. శరీరము బరువెక్కింది, ఆసుపత్రులు మొదలయ్యాయి. 1976 నాటికి ఆయన స్టూడియోకు వెళ్లటమే మానివేశారు. రికార్డుల కంపెనీవారు యంత్రాలను లారీలో గ్రేస్‌లాండ్‌కు తెచ్చి, ఇంటి వెనుక గదిలో పాటలు తీయవలసి వచ్చింది. 1977లో వచ్చిన చివరి ఎల్.పి. రికార్డుకు క్రొత్త పాటలు చాలక, సభలలో పాడినవి చేర్చారు.

ఆ జూన్ 19న ఒమాహాలో, 21న ర్యాపిడ్ సిటీలో టెలివిజన్ కోసం రెండు సభలను చిత్రించారు. చూడగలిగినవారు చూడవచ్చు. ముఖము ఉబ్బి ఉన్నది, చెమట కారుతున్నది, మాట తడబడుతున్నది. అయినా ర్యాపిడ్ సిటీలో ఆయన పియానో ముందు కూర్చుని, ప్రక్కన స్నేహితుడు మైకు పట్టుకోగా పాడిన ఒక పాట వింటే గుండె పట్టేస్తుంది. శరీరము కూలిపోతున్నా గొంతు ఇంకా నిలిచే ఉన్నది. జూన్ 26న ఇండియానాపొలిస్‌లో ఆఖరి సభ. ఆగస్టు 16న గ్రేస్‌లాండ్‌లో మరణము. ఆ మరునాడే మరొక పర్యటన మొదలు కావలసి ఉన్నది. వయస్సు 42 సంవత్సరములు.

గుండె ఆగిపోయిందని అధికారులు ప్రకటించారు. మందుల పాత్ర ఎంత అనే దాని మీద వైద్యులు వాదించుకొన్నారు. అయితే ఆ సంవత్సరపు ఎనిమిది నెలలలో ఆయన పేరున 10,000కు పైగా మోతాదుల మందులు వ్రాయబడ్డాయని తరువాత జరిగిన విచారణలో బయటపడింది. ఆ వైద్యుని మీద నేరము 1981లో కోర్టులో రుజువు కాలేదు. 1995లో మాత్రము ఆయన లైసెన్సు రద్దయింది.

వద్దని చెప్పగలవారు ఎవరు?

ఎల్విస్ చుట్టూ మనుష్యులకు కొదువ లేదు. స్నేహితులు, బంధువులు, అంగరక్షకులు ఎప్పుడూ ఉండేవారు. అయితే వారిలో చాలామంది ఆయన జీతము తినేవారే. ఆయన వ్యవహారాలు చూసిన టామ్ పార్కర్ రాబడిలో సగము వరకు తీసుకొనేవారు. వేదిక ఆగితే రాబడి ఆగుతుంది. కాబట్టి “ఇక చాలు నాయనా, ఈ ఏడు పాడవద్దు, ఇంటిలో ఉండు” అని చెప్పటము అక్కడ ఎవరికీ లాభము కాలేదు. ఆ మాట అనగలిగిన తల్లి 1958లోనే సమాధికి వెళ్లింది. జనము చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కూడా రికార్డులలో గట్టిగా వినబడుతున్నాయి. కాని ఆ మనిషి రేపు లేస్తాడా లేడా అని చప్పట్లు అడగవు.

ఏలీయా ప్రవక్త సంగతి ఇక్కడ మనకు జ్ఞాపకము రావాలి. కర్మెలు పర్వతము మీద అంత గొప్ప విజయము పొందిన తరువాత ఆయన బదరీవృక్షము క్రింద పడి చావు కోరుకొన్నాడు. దేవుడు ఆయనకు వెంటనే ప్రసంగము చేయలేదు. మొదట నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి అప్పము పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు. మాట ఆ తరువాత వచ్చింది. గొప్ప పని చేసినవానికి మొదట కావలసినది అన్నము, నిద్ర, ప్రక్కన ఒక మనిషి.

మన ఇండ్లలో కూడా ఈ పరీక్ష ఉన్నది. క్రిస్మస్ దినాలలో ఊరూరా తిరిగి పాడే యౌవనులు, ఉజ్జీవ కూటాలలో రాత్రి పన్నెండింటి దాకా కీబోర్డు, తబలా వాయించే తమ్ముళ్లు మనకు ఉన్నారు. రాత్రి బండి తోలే లారీ డ్రైవర్లు, వరుసగా రాత్రి డ్యూటీలు చేసే నర్సు చెల్లెళ్లు ఉన్నారు. బాగా పాడావు, బాగా సంపాదించావు అని మెచ్చుకొంటాము. తిన్నావా, పడుకొన్నావా అని అడుగుతున్నామా? డాక్టరును చూడకుండా మందుల షాపులో నిద్రమాత్రలు కొని వేసుకొంటున్నవారు మన మధ్య లేరా? ఒకప్పుడు వ్రాసిచ్చిన చీటీ పట్టుకొని సంవత్సరాల తరబడి వాడేవారు లేరా? అలాంటివారిని నలుగురిలో నిలదీయవద్దు. ప్రేమతో వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్లండి. అలవాటైన మాత్రను ఒక్కసారిగా మాన్పించటము కూడా ప్రమాదమే. డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి.

ఇక తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న. పిల్లలు ఎల్విస్ పాట వింటుంటే ఫోను లాక్కోవద్దు. ప్రక్కన కూర్చోండి. 1969లో ఆయన నవ్విన పాట, 1974లో మెంఫిస్‌లో పాడిన కీర్తన, 1977లో పియానో దగ్గర పాడిన పాట, ఈ మూడూ వరుసగా కలిసి వినండి. ఎనిమిదేళ్లలో ఒక మనిషికి ఏమి జరిగిందో వారి చెవులే వారికి చెబుతాయి. అటు తరువాత అన్నము పెట్టి, వేళకు దీపము ఆర్పండి.