అమ్మవారి పేరు చెప్పి

నాగ్‌పూర్-గోవా మధ్య దేవీ క్షేత్రాలను కలుపుతామంటూ తలపెట్టిన శక్తిపీఠ్ మహామార్గానికి 2025 జూన్ 24న మహారాష్ట్ర మంత్రివర్గం పచ్చజెండా ఊపి, భూసేకరణ వగైరాలకు 20,787 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. వెనకబడిన మరాఠ్వాడాకు మంచి రోడ్లు కావాలి, వాటి వెంట పరిశ్రమలూ రావచ్చు. ఆ మాట కాదనం. కానీ అప్పట్లో 802 కిలోమీటర్లుగా ప్రకటించిన ఈ రోడ్డు భక్తుల కోసమేననడం పచ్చి అబద్ధం.

సర్కారు గొప్పగా చెప్పుకుంటున్న లెక్కే చూడండి. నాగ్‌పూర్-గోవా ప్రయాణం 18 గంటల నుంచి 8 గంటలకు తగ్గుతుందట! ఆ క్షేత్రాల్లో ఒకటైన మాహూర్ రేణుకాదేవి దర్శనానికి వచ్చిన మనిషికి గోవా ఎన్ని గంటల దూరమైతే ఏమిటి? ఆదిలాబాద్, నిర్మల్ ప్రాంతాల నుంచి మన జనం పిల్లాపాపలతో ఆ కొండకు వెళ్తారు. వాళ్లకు కావాల్సింది మెట్ల దగ్గర తాగునీళ్లు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు, చీకటి పడ్డాక ఇంటికి చేర్చే బస్సు. ఇక నాగ్‌పూర్ నుంచి తుల్జాపూర్ అమ్మవారి గుడికి వెళ్లేవారికి యవత్‌మాళ్, అర్ధాపూర్, నాందేడ్, లాతూర్ మీదుగా 361వ నంబరు జాతీయ రహదారి ఉండనే ఉంది. దాని పక్కనే దాదాపు అదే దిక్కుగా మరొకటి వేసి దానికి అమ్మవారి పేరు తగిలిస్తే, భూమి ఇవ్వనన్న రైతు దేవతకే అడ్డుపడినవాడవుతాడు. ఆ పేరు పెట్టడంలోని మర్మం ఇదే. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

నాందేడ్ జిల్లా అర్ధాపూర్‌లో ఈ రోడ్డు కింద పోయేది బీడు భూమి కాదు. ఇసాపూర్ జలాశయం కాలువ నీళ్లతో అరటి, పసుపు పండే నల్లరేగడి. తోటలో సర్వే రాయి పడ్డాక అక్కడి రైతు వచ్చే పంటకు పిలకలు నాటాలా, వద్దా?

యాత్రికుల మీద అంత ప్రేమే ఉంటే నాందేడ్ ఊళ్లోనే బోలెడు పని ఉంది. సచ్‌ఖండ్ హుజూర్ సాహిబ్ గురుద్వారాకు దేశదేశాల నుంచి వచ్చేవారు గోదావరి ఘాట్లకు దిగుతారు. ఊరి మురుగు కాలువలు కలిసేదీ ఆ గోదావరిలోనే. ఆ నీళ్లే బాబ్లీ బ్యారేజీ దాటి బాసరకు వస్తాయి. అక్షరాభ్యాసానికి వచ్చిన తల్లులు పిల్లల నెత్తిన చల్లేది వాటినే. ఈ మురుగును శుద్ధి చేయడానికి ఎవరి అరటి తోటా కొట్టనక్కర్లేదు.

భూసేకరణ వెంటనే ఆపాలి. 361వ రహదారిని బాగు చేస్తే ఎందుకు చాలదో మంత్రివర్గం లెక్కలతో సహా జనం ముందు పెట్టాలి. అందాకా అర్ధాపూర్ తోటల్లోకి సర్వే సిబ్బంది అడుగు పెట్టకూడదు.