పద్దు నుంచి పల్లె దాకా

ఫిబ్రవరి మొదటి తేదీ దగ్గరపడుతున్నదంటే మన ఉద్యోగుల ఇళ్లలో ఒకే ప్రశ్న వినవస్తుంది: ఆదాయపు పన్ను విషయంలో ఈసారి ఏమైనా ఊరట ఉంటుందా? ఒకప్పుడు ఫిబ్రవరి చివరి దినాన సాయంత్రం అయిదు గంటలకు చదివే బడ్జెట్టు, 1999లో ఉదయం పదకొండు గంటలకు మారింది. 2017 నుంచి ఫిబ్రవరి 1వ తేదీకి జరిగింది. రైల్వే బడ్జెట్టు అందులోనే కలిసిపోయింది. ఆనవాయితీలు ఎన్ని మారినా మన అలవాటు మాత్రం మారలేదు. శ్లాబులు చూసుకుంటాం, ఏ వస్తువు ధర పెరుగుతుందో, ఏది తగ్గుతుందో చదువుకుంటాం, పత్రిక మడిచి పక్కన పెడతాం.

పన్ను ఎంత అన్నది మొదటి ప్రశ్న. చెల్లించిన ఆ పన్ను చేరవలసిన చోటికి చేరిందా అన్నది రెండవ ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నను గురించి ఈ నెల పాఠకులతో నాలుగు మాటలు పంచుకోవాలని మా సంకల్పం.

కేంద్ర బడ్జెట్టు పత్రాలను తెరిచి చూసినవారికి ప్రతి పద్దు ఎదుటా నాలుగు అంకెలు కనిపిస్తాయి. ఉదాహరణకు, 2023 ఫిబ్రవరిలో సమర్పించిన పత్రాలలో 2021-22 సంవత్సరపు వాస్తవ వ్యయం, 2022-23కు మొదట వేసిన అంచనా, అదే సంవత్సరానికి సవరించిన అంచనా, 2023-24కు కొత్త అంచనా వరుసగా ఉన్నాయి. మరునాడు పత్రికల పతాక శీర్షికలలో కనిపించేది చివరి అంకె ఒక్కటే. అది సంకల్పం. అసలు జరిగిందేమిటో చెప్పే మొదటి అంకె రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. అప్పటికి దాని మాట అడిగేవారు అరుదు. ఘనంగా ప్రకటించిన మొత్తం ఏడాది మధ్యలో సవరణకు లోనై, చివరకు అంతకన్నా తక్కువగా ఖర్చయినా, ఆ సంగతి మన దృష్టికి రాకపోవడానికి కారణం రహస్యం కాదు. ఆ గడి వైపు మనం చూడకపోవడమే.

మన రాజ్యాంగం ఈ విషయంలో ఎంతో జాగ్రత్త వహించింది. 112వ అధికరణం ప్రకారం ప్రభుత్వం ప్రతి ఏటా ఆదాయ వ్యయాల నివేదికను పార్లమెంటు ముందుంచాలి. 266వ అధికరణం ప్రకారం చట్టం అనుమతి లేనిదే సంచిత నిధి నుంచి ఒక్క పైసా తీయరాదు. ఖర్చయిన దానిని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీ చేసి సమర్పించే నివేదికలను 151వ అధికరణం ప్రకారం సభ ముందుంచాలి. వాటిని పరిశీలించే ప్రజాపద్దుల సంఘం 1921 నుంచీ ఉన్నది. ఈ ఏర్పాటు విలువను తక్కువ చేయలేము. అయితే రాజధానిలో విడుదలైన నిధి చివరి గుమ్మాన్ని చేరిందా లేదా అన్నది, కోట్లాది గుమ్మాలున్న దేశంలో, ఏ ఆడిటరూ ఒంటరిగా తేల్చగలిగిన విషయం కాదు.

ఇది మన ఒక్క దేశపు సమస్య కాదు. వర్ధమాన దేశాలన్నిటికీ ఇది పరిచితమే. ఆఫ్రికాలోని ఉగాండా ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలకు విద్యార్థుల సంఖ్యను బట్టి తలసరి గ్రాంటు ఇచ్చేది. కేంద్ర ప్రభుత్వ పద్దులలో ఆ సొమ్ము సక్రమంగా విడుదలైనట్టే ఉన్నది. కాని బడుల పరిస్థితి మాత్రం మెరుగుపడలేదు. 1996లో 250 పాఠశాలలకు స్వయంగా వెళ్లి, వారి పుస్తకాలలోని జమను విడుదలైన మొత్తంతో సరిపోల్చి చూశారు. 1991-95 మధ్యకాలంలో విడుదలైన గ్రాంటులో సగటున 13 శాతం మాత్రమే బడికి చేరినట్టు తేలింది. తక్కినది జిల్లా స్థాయిలోనే ఆగిపోయి, చాలావరకు చదువుతో సంబంధం లేని పనులకు మళ్లింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న మన సామెతకు ఇంతకన్నా స్పష్టమైన గణాంకం దొరకదు.

తరువాత అక్కడి ప్రభుత్వం చేసిన పని చాలా చిన్నది. ఏ జిల్లాకు ఎంత సొమ్ము పంపిందీ పత్రికలలో ప్రకటించసాగింది. బడికి వచ్చిన మొత్తాన్ని బడి గోడ మీద అంటించాలని ఆదేశించింది. తమ బడికి ఎంత రావాలో ప్రధానోపాధ్యాయునికీ, తల్లిదండ్రులకూ తెలిసింది. 2001 నాటికి బడికి చేరే వాటా 80 శాతం దాటింది. ఆ కాలంలోనే ఉచిత ప్రాథమిక విద్య, నిధుల పర్యవేక్షణ వంటి సంస్కరణలు కూడా అమలయ్యాయి కనుక ఘనతనంతా పత్రికా ప్రకటనకే కట్టబెట్టరాదన్న పరిశోధకుల హెచ్చరిక సబబైనదే. అయినా, ఎంత రావాలో తెలియనివాడు తక్కువ వచ్చిందని ఎన్నటికీ అడగలేడన్న సత్యం మాత్రం చెక్కుచెదరదు.

మన దేశంలో ఈ సత్యాన్ని చాటినది రాజస్థాన్‌లోని నిరుపేద కూలీలు. కరవు పనులలో రోజంతా మట్టి మోసినా కనీస వేతనం చేతికి రాని వారు, 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌గా ఏర్పడ్డారు. కూలి ఎందుకు తగ్గిందని అడిగితే, నీవు చేసిన పని అంతే, మస్టరు రోలులో అలాగే ఉంది అన్నది జవాబు. మస్టరు రోలు చూపమంటే, అది ప్రభుత్వ రహస్యమన్నారు. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానా గ్రామంలో తొలి జన సున్వాయీ జరిపి, సంపాదించిన మస్టరు రోళ్లను, బిల్లులను ఊరందరి ముందు బిగ్గరగా చదివారు. ఇటువంటి సభలలో పనికి రానివారి పేర్లు, చనిపోయినవారి పేర్లు సైతం కూలీల జాబితాలలో బయటపడ్డాయి. ఆడిటరుకు అది ఒక పేరు, ఒక సంతకం. ఊరివారికి అది గత ఏడాది తాము మోసిన పాడె. ఆ తేడాను ఏ కచేరీ పట్టుకోలేదు, ఊరు మాత్రమే పట్టుకుంటుంది.

మా సొమ్ము, మా లెక్క అన్న నినాదంతో 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు సాగిన ధర్నా, 2000లో రాజస్థాన్ రాష్ట్ర చట్టానికీ, 2005లో జాతీయ సమాచార హక్కు చట్టానికీ దారితీసిన ఉద్యమానికి మూలమైంది. చదువు లేని కూలీల కోరిక దేశానికి చట్టమైనది.

ఈ కథలో తెలుగు నేలకు కూడా గౌరవప్రదమైన పాత్ర ఉన్నది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం 17వ విభాగం, పనుల సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే దానిని ఆచరణలో పెట్టి, 2009లో అందుకోసం ప్రత్యేక సంస్థనే నెలకొల్పింది. కూలీల కుటుంబాల యువతీయువకులు రికార్డులు చేతబట్టి గడపగడపకూ వెళ్లి పనిదినాలను, అందిన కూలిని సరిచూశారు. తేలిన సంగతులను ముందు గ్రామసభలో, పిదప మండల స్థాయి ప్రజావేదికలో అధికారుల సమక్షంలో చదివి వినిపించారు. అయితే బయటపడిన సొమ్ములో తిరిగి వసూలైనది స్వల్పమేనని తరువాతి అధ్యయనాలు చూపాయి. లెక్క తెలియడం ఒక మెట్టు, తప్పు చేసినవారిచేత కక్కించడం మరో మెట్టు. మొదటిది ఎక్కాము గనుక రెండవది దానంతట అదే వస్తుందనుకోవడం భ్రమ.

ఇదంతా ప్రభుత్వాల సంగతి, మనకేమి అని ఎవరైనా అనుకోవచ్చు. ప్రభుత్వ రంగ సంస్థ మూలధనం ప్రజలది. అందుకే మన వంటి సంస్థల ఆడిటర్లను నియమించేది కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరలే. మన పనితీరును విచారించేందుకు పార్లమెంటు 1964లోనే ప్రత్యేక సంఘాన్ని ఏర్పరచింది. సమాచార హక్కు చట్టం 4వ విభాగం, ఎవరూ అడగకముందే బడ్జెట్టు కేటాయింపులనూ, చెల్లింపులనూ ప్రకటించమని మనల్ని ఆదేశిస్తున్నది. ఇంతటి బాధ్యత ఉండగా, సమాచారం కోరుతూ ఒక దరఖాస్తు మన బల్ల మీదికి రాగానే నొసలు ముడిపడటం మనలో ఎందరికో అలవాటే. ఇంట్లో పన్ను లెక్క అడిగే మనం, కార్యాలయంలో లెక్క అడిగించుకునే పక్షాన ఉన్నాము. రెండు పాత్రలకూ ఒకే కొలత వర్తించాలి.

మా సూచన ఒక్కటే. 2013 నాటి కంపెనీల చట్టం 135వ విభాగం ప్రకారం, ఆ విభాగం పరిధిలోకి వచ్చే సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. ఆ వివరాలు వార్షిక నివేదికలో, వెబ్‌సైటులో ఉంటాయి. వాటిని చదివేది వాటాదారులు. తరగతి గది కట్టింది మాత్రం పల్లెలో. కనుక మన సంస్థల సొమ్ముతో ఏ ఊళ్లో ఏ పని జరిగినా, మంజూరైన మొత్తం ఎంత, ఖర్చు ఎంత, పని చేసిన గుత్తేదారు ఎవరు, పూర్తయిన తేదీ ఏది అన్న నాలుగు వివరాలను ఆ ఊరి భాషలో, ఆ గోడ మీదనే, పెద్ద అక్షరాలతో రాయించాలి. ఒక రోజు గ్రామసభలో వాటిని చదివి వినిపించాలి. దీనికయ్యే ఖర్చు ఒక డబ్బా రంగు, ఒక మధ్యాహ్నం. సిమెంటు పాళ్లు సరిపోయాయా, కిటికీలకు రెక్కలు పెట్టారా అన్నది ఆ బడిలో చదివే పిల్లల తల్లులే చెబుతారు. ఆ మాట వినడానికి మన అధికారి అక్కడ కూర్చుని ఉండాలి.