కంచెకు రెండు వైపులు

క్రికెట్టు పోటీ జరుగు దినమున ఊరిలోని కాఫీ హోటలు ఒక సభాస్థలిగా మారును. టెలివిజను తెరపై బంతి సరిహద్దు వైపు దొర్లుచుండగా ఇక్కడ కుర్చీలు వెనుకకు జరుగును. చేతిలోని కాఫీ చల్లారిపోవును. ఫీల్డరు నేలపై జారి బంతిని లోపలికి నెట్టి, ఆ వేగముననే తాడు దాటి ప్రకటన పలకల దాక పోవును. వెంటనే సభలో రెండు పక్షములు బయలుదేరును. "నాలుగు పరుగులా, మూడా?" అని ఒక పక్షము. "ముందు వానికి దెబ్బ తగిలినదేమో చూడుడు" అని రెండవ పక్షము. మొదటి ప్రశ్నకు అంపైరు సమాధానము చెప్పును. రెండవదానికి సమాధానమును ఆట ఆరంభము కాకముందే, మైదానమును సిద్ధము చేసినవారు చెప్పియుండవలెను.

పరుగెత్తు ఫీల్డరు చూపు బంతిమీద నుండునుగాని గోడమీద నుండదు. ఆకాశమున లేచిన బంతికై వెనుకకు పోవువానికి, తాను సరిహద్దు చేరిన సంగతి కాలికి తాడు తగిలినప్పుడే తెలియును. ఆస్ట్రేలియాలోని పెద్ద మైదానములలో చాలకాలము కంచెయే బౌండరీగా నుండెడిది. బంతి కంచెకు తగిలిన చప్పుడు ప్రేక్షకుని చెవికి ఇంపుగా నుండవచ్చును. ఆ కంచెకే మోకాలో భుజమో తగిలినవానికి అది ఇంపుగా నుండదు. నేడు అంతర్జాతీయ పోటీలలో సరిహద్దు తాడు, కంచెకుగాని ప్రకటన పలకలకుగాని కనీసము 3 గజములు లోపల నుండవలెనని నియమము కలదు. 3 గజములనగా 9 అడుగులు. వేగముగా వచ్చు మనిషి తన్ను తాను నిలువరించుకొనుటకు విడిచిన చోటు అది.

"తాడు లోపలికి వచ్చినకొలది సిక్సరు చవుకయగుచున్నది" అని పెద్దతరము అభిమానులు నొచ్చుకొందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. పురుషుల అంతర్జాతీయ పోటీలలో సరిహద్దు, పిచ్ నడిమినుండి 65 గజములకు తగ్గరాదు, 90 గజములకు మించరాదు. ఈ రెండు కొలతల నడుమ, కేవలము వినోదము కొరకు మైదానమును కుదించినచో బౌలరుకు అన్యాయము జరిగినదని వాదింపవచ్చును. కాని ఆ కుదింపు వేరు, ఈ 9 అడుగులు వేరు. అది అభిరుచికి సంబంధించిన విషయము. ఇది ఎముకలకు సంబంధించిన విషయము. ఒకదానిపై గల కోపమును రెండవదానిపై చూపరాదు.

ఇక కంచెకు ఆవలి వైపున ప్రేక్షకుడున్నాడు. భారతదేశమున అనేక స్టేడియములలో గాలరీల ముందు ఎత్తయిన ఇనుపకంచె కానవచ్చును. రూకలిచ్చి టిక్కెట్టు కొన్నవాడు పంజరములోనివానివలె ఆట చూడవలసివచ్చుచున్నదని కొందరు వాపోవుదురు. కంచె తీసినచో జనము మైదానముమీద పడునని మరికొందరు భయపడుదురు. ఈ భయమును తోసిపుచ్చుటకు వీలులేదు. 1960 జనవరిలో బొంబాయి బ్రబోర్న్ స్టేడియమున ఆస్ట్రేలియాతో టెస్టు ఆడుచున్న హైదరాబాదు బాట్స్‌మన్ అబ్బాస్ అలీ బేగ్ వద్దకు ఒక యువతి పరుగెత్తివచ్చి ముద్దుపెట్టెను. అది నేటికిని ముచ్చటగా చెప్పుకొను కథ. కాని చొరబాటులన్నియు ముద్దుతో ముగియవు. 1982 నవంబరులో పెర్త్ నగరమున ఇంగ్లండుతో టెస్టు జరుగుచుండగా, లోపలికి చొరబడిన ప్రేక్షకుని పట్టబోయి ఆస్ట్రేలియా బౌలరు టెర్రీ ఆల్డర్‌మన్ భుజము తొలగించుకొని చాలకాలము ఆటకు దూరమయ్యెను. 2001 జూనులో లీడ్స్ నగరమున ఇంగ్లండు, పాకిస్తాను జట్ల పోటీ ముగియకముందే జనము మైదానమున ప్రవేశింపగా ఒక కాపలాదారుడు గాయపడెను. ఇంగ్లండు ఓటమి నంగీకరింపగా ఆట అంతటితో ఆగిపోయెను.

అయినచో కంచెను ఇంకను ఎత్తు చేయుటయే దీనికి మందా? ఈ ప్రశ్నకు సమాధానమును ఫుట్‌బాల్ ఆట మిక్కిలి దారుణమైన మూల్యము చెల్లించి తెలిసికొనెను. 1989 ఏప్రిల్ 15వ తేదీన ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున, హిల్స్‌బరో మైదానమున, వెనుకనుండి వచ్చిన ఒత్తిడికి ముందువరుసలలోనివారు ఇనుపకంచెకు నలిగిపోయిరి. ఆ దుర్ఘటనకు బలియైనవారు 97 మంది. జనమును మైదానములోనికి పోనీయకుండ కట్టిన కంచె, జనమును ప్రాణములతో బయటపడనీయలేదు. విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్, ప్రేక్షకులు లోపల నున్నంతసేపు కంచెలోని ద్వారములను పూర్తిగా తెరచియుంచవలెనని సూచించెను. తదుపరి ఆ దేశపు పెద్ద మైదానములలో కంచెలే తొలగిపోయెను.

నిజమునకు అల్లకల్లోలమునకు మూలము తరచుగా కంచెవద్ద కాక, ప్రవేశద్వారమువద్దనే యుండును. 1967 జనవరి 1వ తేదీన కలకత్తా ఈడెన్ గార్డెన్సులో వెస్టిండీసుతో టెస్టు జరుగుచుండగా, స్థలమునకు మించి వచ్చిన జనము సరిహద్దు లోపలి పచ్చికపై కూర్చుండిరి. పోలీసుల లాఠీలు లేచెను, గాలరీలు తగులబడెను, ఆనాడు ఒక్క బంతియు పడలేదు. 2025 జూన్ 4వ తేదీన బెంగళూరు చిన్నస్వామి స్టేడియము ద్వారములవద్ద, విజయోత్సవము చూడవచ్చిన జనసమ్మర్దములో 11 మంది మరణించిరి. ఈ రెండు తావులందును కంచె ఎంత ఎత్తున నున్నను ఫలము లేదు. కావున కంచె మంచిదా, చెడ్డదా అను వాదము వ్యర్థము. అడుగవలసినవి మూడు ప్రశ్నలు: ఆటగాడు ఆగుటకు చోటున్నదా? ప్రేక్షకుడు బయటపడుటకు దారియున్నదా? ఆసనములెన్నియో అంతమందినే లోపలికి పంపిరా?

ఈ ప్రశ్నలు పెద్ద స్టేడియములకే చెందినవని ఉపాధ్యాయులు తలపరాదు. పాఠశాల ఆటస్థలమునకు ఒకవైపు రాతిగోడ, మరియొకవైపు ముళ్లతీగ ఉండుట సామాన్యము. వార్షిక క్రీడల దినమున స్థలము కలిసివచ్చునని సున్నపుగీతను గోడ మొదటనే గీయుదురు. పండ్రెండేండ్ల బాలుడు, తోడివారి కేకల నడుమ, ఆ గోడవైపు బంతివెంట పరుగెత్తును. వానికి ఆగుట తెలియదు. ఆగరాదని వారందరును అరచుచుందురు. గోడనుండి 9 అడుగులు కొలిచి సున్నము గీయుటకు కాసు ఖర్చు లేదు. పెద్దవారి అంగలు నాలుగు చాలును. స్థలమే చాలదందురా? గోడవైపు పోయిన బంతికి రెండు పరుగులనియు, దానివెంట ఎవ్వరును పరుగెత్తరాదనియు ముందే నిర్ణయింపవచ్చును. సందులలో ఆడుకొను పిల్లలు ఇట్టి నియమములను ఏనాడో కల్పించుకొనిరి. చూడవచ్చిన పిల్లలను గీతపై కాక, గీత కావల రెండవ తాడు కట్టి కూర్చుండబెట్టవలెను. ఆనాడు గేటు తాళముచెవి ఎవరివద్ద నున్నదో ప్రధానోపాధ్యాయునికి తెలియవలెను. తాళమే వేయకున్న మరియు మంచిది.

విద్యార్థులకును ఇందులో పాలు కలదు. బంతి గోడను సమీపించినప్పుడు "పట్టు, పట్టు" అని అరచు గొంతులలో ఒక్కటియైన "గోడ!" అని హెచ్చరించినచో, ఆ గొంతు గలవాడు ఆ దినమున జట్టుకు పండ్రెండవ ఆటగాడు.

కాఫీ హోటలులోని వాదము రాత్రికి చల్లారును. అవి నాలుగు పరుగులో, మూడో మరునాటికి ఎవ్వరికిని జ్ఞాపక ముండదు. విరిగిన మోకాలు మాత్రము ఆ బాలునికి జీవితాంతము జ్ఞాపకముండును.