ట్రాక్టర్‌లో బయోడీజిల్.. లాభమెంత? ముప్పెంత?

వానాకాలం నాట్లు మొదలయ్యాయంటే వెల్గటూర్ మండలంలో ట్రాక్టర్లకు తీరిక ఉండదు. పొలం దున్నడం నుంచి వడ్లు కొనుగోలు కేంద్రానికి చేర్చేదాకా అంతా డీజిల్ మీదే నడుస్తుంది. లీటర్ 95 రూపాయలు దాటిన డీజిల్ రైతునే కాదు, కిరాయికి ట్రాక్టర్ నడుపుకుని బతికే కుటుంబాలనూ కుంగదీస్తోంది. అందుకే తక్కువ రేటుకు బయోడీజిల్ అనగానే ఆశ పుడుతుంది. కానీ ట్యాంకులో పోసే ముందు లెక్క చూసుకోవాలి.

బయోడీజిల్ అంటే ఉత్త నూనె కాదు. కానుగ నూనెనో, వాడేసిన వంటనూనెనో మిథనాల్‌తో కలిపి శుద్ధి చేస్తే గ్లిజరిన్ విడిపోయి మిగిలేదే బయోడీజిల్. శుద్ధి చేయని నూనె డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కగా ఉంటుంది. దాన్ని నేరుగా పోస్తే ఇంజెక్టర్లకు మసి పట్టి, రింగులు బిగుసుకుపోతాయి. నాణ్యమైన బయోడీజిల్‌కు ఈ తిప్పలు తక్కువ. అయితే పాత ట్యాంకులోని మడ్డిని అది కరిగించడంతో మొదట్లో ఫిల్టర్లు మూసుకుపోతాయి. పాత రబ్బరు పైపులు కూడా దెబ్బతినొచ్చు.

రేటు విషయానికొద్దాం. లీటర్ బయోడీజిల్‌లో శక్తి డీజిల్ కంటే సుమారు 8 శాతం తక్కువ. అంటే డీజిల్ 96 రూపాయలున్నప్పుడు బయోడీజిల్ 88కి దొరికినా పైసా మిగలదు. అంతకంటే బాగా తక్కువకు ఇస్తామంటే, అసలు అది బయోడీజిలేనా అని అనుమానించాలి. గుజరాత్‌లో పరిశ్రమల్లో వాడే నూనెలను ఈ పేరుతో అమ్ముతున్న బంకులపై పోలీసులు దాడులు చేశారు. 2019లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా బయోడీజిల్ చిల్లరగా అమ్మడం కుదరదు.

మన ప్రాంతానికి ఇది కొత్త ముచ్చటేం కాదు. గోదావరి అవతల, అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గోండు మహిళలు కానుగ గింజల నుంచి నూనె తీశారు. ఆ నూనె వాడకంతో తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. ఊరి స్థాయిలో అది గెలుపే. దేశం మొత్తానికొచ్చేసరికి కథ వేరు. 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలని 2009లో పెట్టుకున్న లక్ష్యం, ఒక్క శాతం కూడా దాటకుండానే ముగిసింది. ఇంజిన్లు ఒప్పుకోక కాదు, గింజలే దొరకక. 2018 విధానంలో లక్ష్యాన్ని 5 శాతానికి తగ్గించి, గడువును 2030కి జరిపారు.

ఇప్పుడు చేతికందే ముడిసరుకు హోటళ్లలో మిగిలే నూనె. పదేపదే కాగిన నూనెను మళ్లీ వంటకు వాడొద్దని ఆహార భద్రతా సంస్థ 2018లోనే నిబంధన పెట్టింది. బిర్యానీ హోటళ్లు, మిర్చి బండ్లు నడిపే మనవాళ్లు ఆ నూనెను పారబోయకుండా, మళ్లీ కడాయిలో పోయకుండా అనుమతి ఉన్న సేకరణదారులకు అమ్మితే నాలుగు పైసలు వస్తాయి, తినేవాళ్ల ఆరోగ్యమూ నిలుస్తుంది.

ట్రాక్టర్ ఉన్నవాళ్లు మాత్రం కంపెనీ మాన్యువల్‌లో ఎంత శాతం వరకు కలపొచ్చో చూసుకోవాలి, బిల్లు లేని డ్రమ్ముల జోలికి పోవద్దు. బ్యాంకు కిస్తీలు కడుతున్న బండి సీజన్ మధ్యలో షెడ్డుకెక్కితే, పోయేది రిపేరు ఖర్చొక్కటే కాదు, ఆ సీజన్ కిరాయి మొత్తం.