పొలానికి బయటి మందు వద్దన్నాం, మరి బండికి?



ప్రకృతి వ్యవసాయంలో మనం నేర్చుకున్న మొదటి పాఠం, బయట కొనే ఖర్చు తగ్గించుకోవడం. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టితో జీవామృతం చేసుకుని యూరియా బస్తా మానేశాం. బాగానే ఉంది. కానీ ఆ పంటని టౌనుకి చేర్చడానికి రోజూ పెట్రోలు బంకులో ఎంత పోస్తున్నాం?

మాది అనకాపల్లి వైపు. కూరగాయలు, బెల్లం వేసుకుని విశాఖ వెళ్లి రావడానికి సుమారు 70 కిలోమీటర్లు. లీటరుకి 16 కిలోమీటర్లు ఇచ్చే కారుకి, లీటరు 108 రూపాయల లెక్కన దాదాపు 470 రూపాయలు. యూనిట్‌కి 6 కిలోమీటర్లు నడిచే ఎలక్ట్రిక్ కారుకి ఛార్జింగ్ నష్టంతో కలిపి 13 యూనిట్లు. స్లాబ్ పెరిగి యూనిట్ 9 రూపాయలు పడినా 120 దాటదు.

ఇంత చెప్పినా అందరూ అడిగేది ఒకటే: "అరకు ఎక్కుతుందా?" అరకు ఏడాదికి రెండుసార్లు వెళ్తాం. టౌనుకి మూడొందల రోజులు వెళ్తాం. లెక్క ఆ మూడొందల రోజుల దగ్గర మొదలెట్టాలి అన్నది నా మాట.

అరకు సంగతీ చెప్తాను. విశాఖ నుంచి 115 కిలోమీటర్ల పైచిలుకు. శృంగవరపుకోట దాటాక ఘాట్ ఎక్కేటప్పుడు ఛార్జింగ్ గబగబా దిగుతుంది, దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి కొంత వెనక్కిస్తుంది. కింద ఫుల్ చేసుకుని, పైన ఎక్కడ ఛార్జింగ్ పెట్టాలో ముందే ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరాలి. కారులోంచి కరెంటు బయటకి ఇచ్చే సౌకర్యం కొన్ని మోడళ్లలో ఉంది. అరగంట ఇండక్షన్ స్టవ్వు, రాత్రంతా లైట్లు, ఫోన్లు అన్నీ కలిపి రెండు యూనిట్ల లోపే. అంటే 12 కిలోమీటర్ల దూరం తగ్గుతుంది, అంతే. జనరేటర్ మోత లేదు, అడవి పక్కన పొయ్యి మంటా లేదు. వీడియోలో ఈ వంట సంగతి చూడండి.

అయితే ఆకుపచ్చ నంబరు ప్లేటు తగిలించగానే భూమికి మేలు చేసేశాం అనుకోవద్దు. మన దేశంలో కరెంటు ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తోంది. ఇంటి కప్పు మీద సోలార్ ఉంటేనే బండి మన పద్ధతికి దగ్గరవుతుంది. 3 కిలోవాట్ల ప్యానెళ్లు మంచి ఎండలో రోజుకి 12 యూనిట్ల దాకా ఇస్తాయి. పీఎం సూర్య ఘర్ కింద 78,000 రూపాయల వరకు సబ్సిడీ ఉంది. నెట్ మీటరింగ్ పెట్టించుకుంటే పగలు ఇచ్చిన కరెంటు రాత్రి ఛార్జింగ్‌కి లెక్కలో సరిపోతుంది.

ఒక్కటి మాత్రం చేయకండి. పొలం మోటారుకిచ్చిన ఉచిత కరెంటుతో కారు ఛార్జ్ చేయొద్దు. అది రూలుకి విరుద్ధం, పైగా సేద్యం పేరుతో తెచ్చుకున్న హక్కుకే మచ్చ.

రోజుకి పది కిలోమీటర్లు తిరిగేవాళ్లకి కారు ఎందుకండీ? ఎలక్ట్రిక్ స్కూటర్ చాలు. అప్పు చేసి కారు కొంటే పెట్రోలు డబ్బు వడ్డీకి పోతుంది. షోరూముకి వెళ్లేముందు నెల రోజులు మీ కిలోమీటర్లు పుస్తకంలో రాయండి. కొనాలో వద్దో ఆ పుస్తకమే చెబుతుంది.